ఆరు కుట్లు

వల కుట్టీటప్పుడు
ముందు దారం తడుపుతాం.
ఎండు నైలాను సేతిని కోస్తాది,
వలకన్నునీ కోస్తాది.
మా అత్త సూరమ్మ నాకు మొదట నేర్పిందదే:
సిరిగిన కాడ లాక్కూడదు గుంటా,
సిరిగిన కాడే మెల్లగా.

పద్నాలుగేళ్ల కిందట
పెద్దాసుపత్రిలో నన్ను కుట్టినప్పుడు
ఎవులూ ఏదీ తడపలేదు.

ఆయేళ రేవులో మూడో నెంబరు ఎగరేసినారు.
వేట లేదు. వాన.
జాలరిపేట నుంచి ఆటోలో
ఉమ్మనీరు కారి సీటంతా తడిసిపోతే
ఆటో కుర్రోడు ఒక్క మాటనలేదు,
మెళ్లో తువ్వాలు తీసిచ్చినాడు.
ఆ రేత్రికి నాకు దక్కిన మర్యాద అదే.

గేటు కాడ వంద తీసుకుని కూడా
మా యమ్మని లోనికి ఒగ్గలేదు.
లోన మంచానికి ఇద్దరం.
నా కాళ్ల కాడ ఆవిడ తల,
ఆవిడ కాళ్ల కాడ నా తల.
అరకు పైనుంచి దిగొచ్చిన మనిషి, మాట తెల్దు.
నొప్పొచ్చినప్పుడల్లా నా మడమ పట్టుకునీది.
నానూ ఆవిడ మడమ పట్టుకునీదాన్ని.
పేరు తెల్దు నాకు. మడమ తెలుసు:
పగుళ్లు, పగుళ్లలో ఎర్రమన్ను,
కడియం తీయించీసిన కాడ తెల్లటి గీత.

నా పేరూ ఎవులూ అడగలేదు.
పదకొండు, అన్నారు.
పదకొండూ, కాళ్లెత్తు.
పదకొండూ, నోర్ముయ్.
అరిసినాను. తొడ మీద సెయ్యి పడింది.
"మొగుడి పక్కలో ఉన్నప్పుడు రాలేదా ఈ ఏడుపు?"
ఎవులో నవ్వీసినారు.
పరదా లేదు.
డాక్టరు సదువు పిల్లలు ఆరేడుగురు
నా కాళ్ల కేసి సూసి కాగితాల మీద రాసుకున్నారు.
ఒక పిల్ల మాత్రం
అంతసేపూ గోడ కేసే సూసింది.

సంటోడు ఏడిసినాడు.
మగపిల్లడు, ఐదొందలు, అంది ఆయా.
డబ్బులొచ్చీదాకా ఆడి మొకం
అటు తిప్పి పట్టుకుంది.

అప్పుడు సూది.
మత్తియ్యరా అమ్మా, అన్నాను.
అంత కన్నదానివి, ఇదెంత, అంది.
లెక్కెట్టినాను. లెక్క నాకొచ్చు,
వలకన్నులు లెక్కెట్టీ బతుకే కదా.
ఒకటి. రెండు.
మూడో దానికి మడమ కోసం తడివినాను.
ఆవిడ్ని అప్పటికే ఎక్కడికో తీసుకుపోనారు.
ఆరు.

మొన్న ఆదివారం
ఆ సెయ్యి నా గంప కాడికొచ్చింది.
మొకం గుర్తు లేదు నాకు. సెయ్యి గుర్తు.
బొటనేలు కింద కాలిన మచ్చ,
సింతపిక్క అంత.
వంజరం మొప్ప ఎత్తి సూసింది,
మెత్తగా,
సేపకి నొప్పెడతాదేమో అన్నట్టు.

ముసిలైపోనాది. కాళ్లు ఉబ్బినాయి,
సెప్పు బెల్టు ఊడదీసి ఈడుస్తంది.
ఎన్ని రేత్రులు నిలబడుంటాదో,
ఎన్ని కానుపులు, ఎంత నిద్దర కరువో.
అనుకున్నాను. అనుకుంటే మాత్తరం ఏటి?
ముసురు పట్టీ ముందు రోజు
ఆ ఆరూ ఇప్పటికీ లాగుతాయి.

ముక్కలు కోసినాను. తూకం సరిగ్గానే ఏసినాను.
"ఓ యాభై తగ్గించు," అంది.
"నా పేరు నూకరత్నం," అన్నాను.
"ఏంటి?"
"నూకరత్నం. జాలరిపేట. పదకొండు."

ఆవిడకేటీ గుర్తు రాలేదు.
ఎలాగొస్తాది,
పదకొండు రోజూ పురుడు పోసుకుంటాది అక్కడ.
యాభై తగ్గించలేదు నాను.
సంచీ అందుకుని నాలుగడుగులేసి
ఆగింది.
ఎనక్కి తిరిగిందో లేదో
సూళ్లేదు.
ఎనకొచ్చిన ఆవిడకి పీతల ధర సెప్తన్నాను.

మా వోడు, పద్నాలుగు నిండినాయి,
బకెట్టుతో సముద్రం నీళ్లు మోసుకొచ్చి
సేపలు ఎండిపోకండా
సిలకరిస్తన్నాడు.